ఉత్తర్వులో లేని పక్షం: పబ్‌జీ, ఫ్రీ ఫైర్ నిషేధాలు, దక్షిణ తెలంగాణ ఆటగాళ్లు

2020 సెప్టెంబర్ 1న తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ల ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లో టీవీ లేనివారికీ, కరెంటు పోయి పాఠం తప్పిపోయినవారికీ స్మార్ట్‌ఫోనే దిక్కు కావడంతో, నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో అప్పటిదాకా తండ్రి జేబులోనో అన్న చేతిలోనో ఉండే ఫోను చిన్నపిల్లల దగ్గరికి చేరింది. ఆ మరునాడే, సెప్టెంబర్ 2న, కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ 118 మొబైల్ యాప్‌లను నిషేధిస్తున్నట్టు ప్రకటించింది. వాటిలో వంద మంది ఆన్‌లైన్‌లో ఒకరితో ఒకరు తలపడే తుపాకుల ఆట పబ్‌జీ మొబైల్, తక్కువ సామర్థ్యం గల ఫోన్ల కోసం తయారైన పబ్‌జీ మొబైల్ లైట్ ఉన్నాయి.

ఈ నిషేధం మంచిదా చెడ్డదా అన్న చర్చ అప్పటి నుంచి ఎడతెగకుండా సాగుతూనే ఉంది. దేశభద్రత గురించి మాట్లాడేవారు ఒక పక్క, పిల్లల చదువు గురించి బాధపడేవారు మరో పక్క, ఈ-స్పోర్ట్స్, అంటే పోటీలుగా ఆడే వీడియో ఆటల వ్యాపారం గురించి లెక్కలు చెప్పేవారు ఇంకో పక్క ఎవరి వాదన వారు వినిపించారు. అయితే ఆట ఆగిపోయినప్పుడు ఆటగాడు కచ్చితంగా ఏమి పోగొట్టుకున్నాడు, పోగొట్టుకున్నది తిరిగి అడిగే దారి అతనికి ఏమైనా ఉందా అన్న ప్రశ్న మాత్రం ఎవరి వాదనలోనూ పెద్దగా చోటు చేసుకోలేదు. నిషేధ ప్రక్రియలో ప్రభుత్వానికి స్థానం ఉంది, కంపెనీకి ఉంది, యాప్ స్టోర్‌కు ఉంది, ఆటగాడికి లేదు. ఆ లేకపోవడం వల్ల కలిగిన నష్టం కూడా అందరిపైనా సమానంగా పడలేదు.

దక్షిణ తెలంగాణకు ఈ నిషేధంతో ఉన్న సంబంధం వేరే జిల్లాలకు లేనిది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో అమరులైన 20 మంది భారత సైనికుల్లో, 16వ బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారి కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు ఒకరు. ఆయనది 2016 జిల్లాల పునర్విభజన వరకు నల్లగొండ జిల్లాలో భాగంగా ఉన్న సూర్యాపేట. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. గల్వాన్ తర్వాత రెండు వారాలకు, జూన్ 29న, టిక్‌టాక్ సహా 59 యాప్‌లతో మొదలైన నిషేధాల వరుసలోనే సెప్టెంబర్‌లో పబ్‌జీ వంతు వచ్చింది. సంతోష్ బాబు అంతిమయాత్రకు దారి పొడవునా నిలబడిన జనంలో రోజూ పబ్‌జీ ఆడే కుర్రాళ్లు ఉండరనుకోవడం అమాయకత్వమే అవుతుంది. చైనా మీద కోపం, ఆట మీద ఇష్టం ఒకే మనిషిలో ఉండగలవు. అందువల్ల ఇక్కడి ఆటగాళ్లలో చాలామంది నిషేధాన్ని బహిరంగంగా తప్పుపట్టలేదు. వారు అడిగిన ప్రశ్న వేరు: కొరియా కంపెనీ తయారుచేసిన ఆట చైనా యాప్ ఎలా అయింది?

ఆ ప్రశ్నకు జవాబు ఆన్‌లైన్ ఆటల వ్యాపారం నడిచే తీరులో ఉంది. పబ్‌జీని 2017లో కంప్యూటర్ల కోసం తయారుచేసింది దక్షిణ కొరియాకు చెందిన బ్లూహోల్ సంస్థ. అదే తర్వాత క్రాఫ్టన్‌గా మారింది. దాన్ని ఫోనుకు మార్చి, 2018 మార్చిలో ప్రపంచమంతటా విడుదల చేయడంలో ప్రధాన పాత్ర చైనాకు చెందిన టెన్సెంట్‌ది. భారత్‌లో పబ్‌జీ మొబైల్‌కు ప్రచురణకర్త కూడా టెన్సెంటే. ఇలాంటి ఆటలో ఆలోచన ఒకరిది, సర్వర్లు ఇంకొకరివి, ప్రచురణ హక్కు మరొకరిది, అమ్మకపు అంగడి గూగుల్, ఆపిల్‌లది. ఆటగాడికి మాత్రం తెర మీద కనిపించేది ఒకే ఆట. నిషేధం వచ్చిన వారం లోపే క్రాఫ్టన్ అనుబంధ సంస్థ టెన్సెంట్ నుంచి భారత్ ప్రచురణ హక్కును వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. దానివల్ల ఉత్తర్వు మారలేదు.

నిషేధం ఆచరణలో ఎలా అమలవుతుందో చాలామందికి తెలియకపోవడం వల్ల అప్పట్లో పెద్ద అయోమయం నెలకొంది. ఉత్తర్వు వెలువడగానే ఫోన్లలోని ఆట మాయం కాలేదు. మొదట యాప్ స్టోర్ల నుంచి దాన్ని తొలగించారు. అంటే కొత్తగా దించుకోవడం, అప్‌డేట్ చేసుకోవడం ఆగిపోయాయి. అప్పటికే ఫోన్‌లో ఆట ఉన్నవారు మాత్రం ఇంకా ఆడుతూనే ఉన్నారు. ఆట నిజంగా నడిచేది ఫోనులో కాదు, కంపెనీ సర్వర్లలో. ఫోనులో ఉండేది బొమ్మలు, శబ్దాలు, మీటలు మాత్రమే. వంద మంది ఒకే ద్వీపం మీద దూకి, ఎవరు ఎక్కడున్నారో, ఎవరి తూటా ఎవరికి తగిలిందో క్షణక్షణానికీ లెక్కగట్టేది సర్వరే. దేశంలోని వినియోగదారులకు సేవలను టెన్సెంట్ పూర్తిగా నిలిపివేసింది 2020 అక్టోబర్ 30న. అంటే సెప్టెంబర్ 2 నుంచి దాదాపు రెండు నెలల పాటు ఆట ఉన్నట్టా లేనట్టా అన్నది ఎవరికీ తెలియని స్థితి. ఆ రెండు నెలల్లో ఇళ్లలో ఉన్న కాలేజీ విద్యార్థులు ఆడుకున్నారు, డబ్బు పెట్టి కొన్నవారు కూడా ఉన్నారు, ఆట మళ్లీ వస్తుందన్న పుకార్లను నమ్మి తమ ర్యాంకు పడిపోకుండా కాపాడుకున్నవారూ ఉన్నారు. వారికి ఫలానా తేదీ వరకే గడువు అని ముందుగా చెప్పాల్సిన బాధ్యత చట్టప్రకారం ఎవరిమీదా లేదు.

ఇక పోయిందేమిటి అన్న ప్రశ్న. బయటి నుంచి చూసేవారికి పోయింది ఒక కాలక్షేపం. పబ్‌జీ కాకపోతే ఇంకో ఆట ఆడుకోవచ్చు కదా అన్నది సహజంగా వచ్చే మాట. ఆటగాళ్ల మాటల్లో మాత్రం పోయింది ఆట కాదు, ఐడీ. రెండేళ్ల పాటు సీజన్ తర్వాత సీజన్ ఆడి సంపాదించిన ఏస్, కాంకరర్ వంటి టైర్లు, అంటే హోదాలు, యూసీ అనే ఆటలోని నాణేలతో కొన్న తుపాకీ స్కిన్లు, అంటే తుపాకీకి తొడిగే రంగుల అలంకరణలు, దుస్తులు, తాను ఎంచుకున్న పేరు, స్నేహితుల జాబితా, ఇవన్నీ ఆ ఐడీకి అతుక్కుని ఉంటాయి. యూసీని అసలు డబ్బుతో కొనాలి. ప్రతి సీజన్‌లో అదనపు బహుమతులిచ్చే రాయల్ పాస్ కొనేందుకు పాకెట్ మనీ దాచుకున్నవారు ఉన్నారు, తండ్రి ఫోనులోని యూపీఐతో చెప్పకుండా కొని దెబ్బలు తిన్నవారూ ఉన్నారు. అయితే కంపెనీ షరతుల ప్రకారం ఆ స్కిన్లూ నాణేలూ ఆటగాడి ఆస్తి కావు. కంపెనీ ఇష్టమున్నంత కాలం వాడుకునేందుకు ఇచ్చిన అనుమతి మాత్రమే. ఆ షరతుల పేజీని చదవకుండా ఒప్పుకునే బొత్తాం నొక్కని ఆటగాడు ఎక్కడా దొరకడు. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం కూడా ఉచితంగా ఇచ్చే సేవను తన పరిధిలోకి తీసుకోదు. ఆట దించుకోవడం ఉచితం, లోపలి వస్తువులకు మాత్రం ధర ఉంటుంది. ఈ రెండింటి మధ్య సందులో ఆటగాడి డబ్బు చిక్కుకుపోయింది.

పాలమూరు విషయంలో ఐడీతో పాటు ఇంకొకటి కూడా పోయింది. వలస ఈ ప్రాంతపు జీవితంలో ఒక భాగం. నారాయణపేట, కోస్గి, మక్తల్, దేవరకద్ర ప్రాంతాల నుంచి ముంబయి, పుణెలకు, నల్లగొండ జిల్లాలోని దేవరకొండ, చందంపేట తండాల నుంచి హైదరాబాద్‌కు పనికోసం వెళ్లేవారి కుటుంబాల్లో పిల్లలు ఒకచోట, పెద్దలు ఒకచోట, తోటివారు మరోచోట ఉండడం మామూలే. ఒకే బడిలో చదివి, పదో తరగతి తర్వాత ఒకడు నిర్మాణ పనికి, ఒకడు ఐటీఐకి, ఒకడు జిల్లా కేంద్రంలో ఇంటర్‌కు వెళ్లిపోయిన నలుగురు దోస్తులకు రాత్రి పది తర్వాత కలుసుకునే చోటు పబ్‌జీ స్క్వాడ్. నలుగురు కలిసి దిగే జట్టులో మైకు తెరిచి ఉంటుంది. ఆట మ్యాప్‌లోని పోచింకి దగ్గర దూకుదామా, మిలిటరీ బేస్ వైపు పోదామా అన్న మాటల మధ్యలోనే ఊర్లో ఎవరి పెళ్లి, ఎవరి పొలం అమ్ముడుపోయింది, మేస్త్రీ డబ్బులిచ్చాడా లేదా అన్న కబుర్లన్నీ దొర్లిపోయేవి. ఫోను చేసి మాట్లాడుకోవచ్చు కదా అనడం తేలికే. కానీ యుక్తవయసు మగపిల్లలు ఏ పనీ లేకుండా ఒకరికొకరు ఫోను చేసుకుని గంటసేపు కష్టసుఖాలు చెప్పుకోరు. చేతిలో ఏదో ఒక పని ఉంటేనే మాట కదులుతుంది. ఆట ఆ పనిని సమకూర్చింది. నిషేధం తర్వాత స్క్వాడ్లు చెదిరిపోయాయన్న బాధ వెనుక ఉన్నది ఇదే. ఈ నష్టాన్ని ఏ షరతుల పేజీలోనూ, ఏ ఉత్తర్వులోనూ లెక్కగట్టే ఏర్పాటు లేదు, ఉంటుందని ఆశించడం కూడా సాధ్యం కాదేమో. కానీ దాన్ని నష్టంగా గుర్తించకపోవడం వేరే సంగతి.

నష్టం సమానంగా పడలేదన్న మాటకు ఆధారం ఫోన్ల ధరలో ఉంది. 2016 సెప్టెంబర్‌లో జియో రాకతో డేటా చవకైంది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో పల్లెలకు చేరిన స్మార్ట్‌ఫోన్లలో ఎక్కువ భాగం రెండు జీబీ ర్యామ్ లేదా అంతకన్నా తక్కువవి. అలాంటి ఫోన్లలో పూర్తి పబ్‌జీ వేడెక్కి ఆగిపోయేది. వారి కోసం వచ్చినదే పబ్‌జీ మొబైల్ లైట్. వంద మందికి బదులు అరవై మంది, చిన్న మ్యాప్, తక్కువ నిడివి. దానికన్నా ముందే పల్లెల్లో పాతుకుపోయిన ఆట ఫ్రీ ఫైర్. సింగపూర్‌కు చెందిన గరెనా దీన్ని 2017లో తెచ్చింది. యాభై మంది, పది నిమిషాల మ్యాచ్, నాసిరకం ఫోనులో కూడా నడిచే బొమ్మలు. పట్టణంలో పబ్‌జీ ఆడేవారు ఫ్రీ ఫైర్ ఆడేవారిని ఎగతాళి చేయడం అప్పట్లో మామూలు. ఆ ఎగతాళి వెనుక ఉన్నది ఆటల నాణ్యత కాదు, ఫోను ఖరీదు.

పబ్‌జీ మొబైల్ తిరిగి వచ్చినప్పుడు ఈ తేడా బయటపడింది. క్రాఫ్టన్ భారత్ కోసమే ప్రత్యేకంగా బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, అంటే బీజీఎంఐ పేరుతో ఆటను తయారుచేసి 2021 జూలై 2న ఆండ్రాయిడ్‌లో విడుదల చేసింది. పాత పబ్‌జీ ఐడీని కొత్త ఆటలోకి మార్చుకునే అవకాశం ఇచ్చింది. అయితే ఆ మార్పిడి సామాజిక మాధ్యమ ఖాతాతో ముడిపెట్టుకున్న ఐడీలకే వర్తించింది. ఫోను మారినప్పుడు పాత ఖాతా పాస్‌వర్డ్ మరచిపోయినవారు, ఏ ఖాతా లేకుండా గెస్ట్‌గా ఆడినవారు, ఇతరుల ఖాతాతో లాగిన్ అయినవారు పోగొట్టుకున్నదాన్ని తిరిగి పొందలేకపోయారు. మార్పిడి గడువు 2021 డిసెంబర్ 31తో ముగిసింది. ఇక లైట్ ఆడినవారికి అసలు వారసత్వమే లేదు. బీజీఎంఐకి లైట్ రూపం వస్తుందన్న ఆశలు చాలాకాలం తిరిగాయి గానీ అది రాలేదు. ఒకే ఉత్తర్వు కింద ఒకే రోజు ఆగిపోయిన రెండు ఆటల్లో, ఖరీదైన ఫోనులో ఆడినది తిరిగి వచ్చింది, చవక ఫోనులో ఆడినది రాలేదు. ప్రభుత్వం ఉద్దేశించినది ఇది కాదు. కంపెనీ కూడా బహుశా లాభనష్టాల లెక్కే చూసుకుని ఉంటుంది. ఎవరూ కోరుకోకుండానే నష్టం పేదవాడి వైపు ఒరిగిపోవడం దక్షిణ తెలంగాణకు కొత్త కాదు.

ఫ్రీ ఫైర్ కథలో అదే జరిగింది, మరింత మొరటుగా. 2022 ఫిబ్రవరి 12న ఆ ఆట స్టోర్లలో కనిపించకుండా పోయింది. కారణం ఎవరూ చెప్పలేదు. కంపెనీకీ ఇంకో కంపెనీకీ మధ్య కాపీరైట్ గొడవ అని కొందరు, సాంకేతిక లోపం అని కొందరు ఊహించారు. రెండు రోజుల తర్వాత 54 యాప్‌ల కొత్త జాబితాలో అది ఉందన్న వార్త వచ్చింది. అయితే ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే మెరుగైన రూపం గూగుల్ ప్లే స్టోర్‌లో అలాగే మిగిలింది. రెండింటికీ ఐడీ ఒకటే కావడంతో మంచి ఫోను ఉన్నవారు మ్యాక్స్ దించుకుని పాత ఐడీతో మరునాటి నుంచే ఆడుకున్నారు. మ్యాక్స్ నడవని ఫోను ఉన్నవారు ఆగిపోయారు. భద్రతే కారణమైతే ఒకే సంస్థ నడిపే ఒకే ఐడీల ఆటలో ఒక రూపం ప్రమాదకరం, మరో రూపం నిరపాయకరం ఎలా అవుతాయో వివరించిన ప్రకటన ఏదీ జనానికి అందలేదు. ఈ నిషేధం మీద సింగపూర్ ప్రభుత్వం భారత ప్రభుత్వంతో ఆందోళన వ్యక్తం చేసినట్టు అప్పట్లో రాయిటర్స్ రాసింది. కంపెనీకి అడిగే నాథుడు ఉన్నాడు. 2023లో ఫ్రీ ఫైర్ ఇండియా పేరుతో, మహేంద్ర సింగ్ ధోనీ ప్రచారకర్తగా, సెప్టెంబర్ 5న తిరిగి వస్తున్నట్టు ప్రకటించారు. తర్వాత వాయిదా వేశారు.

బీజీఎంఐ కూడా నిలకడగా సాగలేదు. 2022 జూన్, జూలై నెలల్లో దాని పోటీలు స్టార్ స్పోర్ట్స్ చానల్‌లో ప్రసారమయ్యాయి. ఒక మొబైల్ ఆట క్రికెట్ చానల్‌లో కనిపించడం తల్లిదండ్రులకు కూడా నచ్చజెప్పగల గౌరవం. నమోదైన ఆటగాళ్ల సంఖ్య పది కోట్లు దాటిందని ఆ జూలైలోనే కంపెనీ ప్రకటించింది. అదే నెల 28న ఆట రెండు స్టోర్ల నుంచీ మాయమైంది. ఈసారి జాబితా కూడా లేదు. ప్రభుత్వ ఉత్తర్వు అందిందని గూగుల్ చెప్పడం వల్లే అది నిషేధమని జనానికి తెలిసింది. పది నెలల తర్వాత, 2023 మేలో, సర్వర్లు ఎక్కడున్నాయి, డేటా ఎక్కడికి వెళ్తోంది అన్న అభ్యంతరాలను కంపెనీ పరిష్కరించిందని, మూడు నెలల పరిశీలన మీద అనుమతిస్తున్నామని కేంద్ర మంత్రి ప్రకటించారు. ఆ నెలాఖరుకు ఆట తిరిగి మొదలైంది. ఆటను వృత్తిగా చేసుకుందామని నల్లగొండ నుంచో వనపర్తి నుంచో హైదరాబాద్ వెళ్లి జట్టులో చేరిన కుర్రాడికి ఆ పది నెలలు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఆ పది నెలల మధ్యలోనే, 2022 డిసెంబర్‌లో, కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడా పోటీల్లో భాగంగా గుర్తిస్తూ క్రీడల శాఖకు అప్పగించింది. క్రీడగా గుర్తింపు వచ్చిన రోజున ఆ క్రీడలో దేశంలో ఎక్కువమంది ఆడే ఆటల్లో ఒకటి స్టోర్లలో దొరకని స్థితి.

ఇలా జరగడానికి చట్టంలో ఉన్న ఏర్పాటే కారణం. సమాచార సాంకేతిక చట్టం 2000లోని 69ఏ సెక్షన్ దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రక్షణ, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు వంటి కారణాలపై ఆన్‌లైన్ సమాచారాన్ని అడ్డుకునే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. దాన్ని అమలుచేసే నిబంధనలు 2009లో వచ్చాయి. వాటి ప్రకారం న్యాయ, హోం, సమాచార ప్రసార శాఖల ప్రతినిధులు, సైబర్ భద్రతా సంస్థ ప్రతినిధి ఉన్న కమిటీ విన్నపాన్ని పరిశీలించాలి. సమాచారాన్ని ఉంచిన వ్యక్తికి గానీ మధ్యవర్తి సంస్థకు గానీ నోటీసు ఇచ్చి, జవాబు వినాలి. అత్యవసరమైతే ముందు ఆపివేసి, 48 గంటల్లోగా కమిటీ ముందు పెట్టవచ్చు. విన్నపాలు, వాటిపై తీసుకున్న చర్యలు గోప్యంగా ఉంచాలని 16వ నిబంధన చెబుతోంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆన్‌లైన్ రాతలను నేరంగా చూసే 66ఏ సెక్షన్‌ను కొట్టివేసింది గానీ, ఉత్తర్వుకు కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి, వినే అవకాశం ఉండాలి అన్న రక్షణలు ఉన్నందువల్ల 69ఏను నిలబెట్టింది. ఆ రక్షణలు ఎవరి కోసం? సమాచారాన్ని పెట్టినవారి కోసం, దాన్ని మోసే సంస్థ కోసం. ఆట విషయంలో అది కంపెనీ. ఆటగాడు ఆ నిర్వచనంలో ఎక్కడా ఇమడడు. కారణాలు రాసి ఉన్నా ఆ కాగితం అతని కంటపడదు. కంటపడని కాగితాన్ని హైకోర్టులో సవాలు చేయడం ఎంత కష్టమో న్యాయవాదిని అడగనక్కర్లేదు. 2020 జనవరిలో, కశ్మీర్ ఇంటర్నెట్ నిలిపివేతకు సంబంధించిన అనురాధా భసీన్ కేసులో, అటువంటి ఉత్తర్వులను ప్రచురించాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట టెలికాం నిలిపివేతల గురించి చెప్పినది. యాప్‌ల నిషేధానికి 16వ నిబంధన ఇంకా అడ్డుగానే ఉంది.

గోప్యతకు సమర్థన లేదని కాదు. శత్రుదేశం ఏ సమాచారాన్ని ఎలా సేకరిస్తోందో ప్రభుత్వానికి తెలిసిన సంగతులన్నీ బయటపెట్టడం సాధ్యం కాదు. కానీ కారణాన్ని దాచడం వేరు, గడువును దాచడం వేరు. ఫలానా తేదీ నుంచి ఈ ఆట నిలిచిపోతుంది, ఈలోగా కొత్త కొనుగోళ్లు ఆపాలి, ఖర్చుకాని నాణేల డబ్బు తిరిగి ఇవ్వాలి, ఆటగాడు తన ఖాతా వివరాలను దించుకునే వీలు కల్పించాలి అన్న షరతులు కంపెనీకి విధించడం వల్ల ఏ రహస్యమూ బయటపడదు.

ఇరుగుపొరుగు దేశాలను చూస్తే తేడా తెలుస్తుంది. నేపాల్ 2019 ఏప్రిల్‌లో పబ్‌జీని నిషేధించింది. కారణంగా చెప్పింది పిల్లల మీద ప్రభావం. కొద్దిరోజుల్లోనే అక్కడి సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు అమలును ఆపింది. పాకిస్తాన్‌లో 2020 జూలై 1న టెలికాం నియంత్రణ సంస్థ ఆటను నిలిపివేయగా, అదే నెల 24న ఇస్లామాబాద్ హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది, నెలాఖరుకు ఆట తిరిగి వచ్చింది. రెండు చోట్లా కారణం బహిరంగంగా చెప్పినందువల్లే దాన్ని కోర్టులో తూచగలిగారు. చైనాలో పరిస్థితి ఇంకోలా నడిచింది. అక్కడ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ను నడిపే నెట్‌ఈజ్‌కూ, అమెరికా సంస్థ బ్లిజార్డ్‌కూ ఒప్పందం కుదరక 2023 జనవరి 23న సర్వర్లు మూతపడ్డాయి. దాదాపు ఇరవై ఏళ్లుగా ఆడుతున్నవారు ఉన్నారు. అయితే రెండు నెలల ముందే ప్రకటన వచ్చింది, పాత్రల వివరాలను ఫైలుగా దించుకునే సదుపాయం ఇచ్చారు, 2024లో ఆట తిరిగి మొదలైంది. అక్కడ గొడవపడిన రెండు పక్షాలూ వ్యాపార సంస్థలు. ఆటగాడు మళ్లీ కావలసినవాడు కాబట్టి అతన్ని గౌరవంగా సాగనంపారు.

తల్లిదండ్రుల మాట కూడా చెప్పుకోవాలి. నిషేధం వార్త విని పాలమూరు, నల్లగొండ ఇళ్లలో ఊపిరి పీల్చుకున్న తల్లులు తక్కువేమీ కాదు. రాత్రంతా ఫోను, పొద్దున నిద్ర, చదువు గాలికి. ఈ ఫిర్యాదు అబద్ధం కాదు. ఆటల వ్యసనాన్ని రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే తన వర్గీకరణలో చేర్చింది. కానీ ఉత్తర్వులో ఆ ఊసే లేదు. ఇంటివారు ఒక కారణంతో సంతోషించారు, ప్రభుత్వం వేరే కారణంతో ఆపింది. అందుకే సర్వర్ల సమస్య తీరగానే ఆట తిరిగి వచ్చింది, ఇంటి సమస్య ఎక్కడిదక్కడే ఉండిపోయింది. బీజీఎంఐలో పద్దెనిమిదేళ్ల లోపువారికి రోజుకు మూడు గంటలు, పెద్దలకు ఆరు గంటలు అన్న పరిమితి, పెద్దల ఫోనుకు వచ్చే ఓటీపీ వంటివి పెట్టారు. తండ్రి ఫోనే ఆడే ఫోనైన ఇంట్లో, వయసు పెట్టెలో పిల్లవాడే అంకె వేసే ఇంట్లో ఆ ఓటీపీ ఎంతవరకు పనిచేస్తుందో ఊహించడం కష్టం కాదు.

నిషేధ కాలంలో దొంగదారులు పుట్టుకొచ్చాయి. కొరియా రూపమని, గ్లోబల్ రూపమని ఏపీకే ఫైళ్లు, అంటే స్టోర్ అవసరం లేకుండా ఫోనులో ఎక్కించుకునే యాప్ ఫైళ్లు, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. వేరే దేశం నుంచి ఆడుతున్నట్టు చూపే వీపీఎన్ పెట్టుకుని ఆడితే పింగ్, అంటే సర్వర్ స్పందించే ఆలస్యం పెరిగి, ఎదుటివాడు కనిపించేలోపే చచ్చిపోవడం మామూలైంది. ఫోను భద్రత కోసం పెట్టిన నిషేధం, ఎవరు తయారుచేశారో తెలియని ఫైళ్లను ఫోనుల్లోకి రప్పించింది. ఐడీలు అమ్ముతామని, పాత ఐడీ తిరిగి తెప్పిస్తామని డబ్బు గుంజినవారు కూడా తయారయ్యారు. మోసపోయినవాడు పోలీసు స్టేషన్‌కు వెళ్లలేడు: నిషేధించిన ఆట ఐడీ కొనబోయి మోసపోయానని ఏ ముఖంతో చెబుతాడు?

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. డబ్బు పందెంగా పెట్టే ఆటలను దేశమంతటా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, సరదా ఆటలను ప్రోత్సహించదగినవిగా గుర్తించింది. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే రాష్ట్ర గేమింగ్ చట్టానికి సవరణతో నిషేధించారు కాబట్టి ఇక్కడివారికి ఇది మరీ కొత్త కాదు. రెండు సభల్లో రెండు రోజుల్లో ముగిసిన ఆ చర్చను చర్చ అనడం మొహమాటమే. అయినా అక్కడ బిల్లు పాఠం అందరికీ అందింది, ఏది నిషిద్ధమో ఏది కాదో రాసి ఉంది, డబ్బు ఆటల కంపెనీలు ఖాతాల్లోని సొమ్మును వెనక్కి తీసుకునే వీలు ఇచ్చాయి. పందెం కట్టినవాడికి నిల్వ సొమ్ము దక్కింది. స్కిన్ కొనుక్కున్నవాడికి 2020లో ఏమీ దక్కలేదు. కొత్త చట్టం ఆటలను గుర్తించి నమోదు చేసే ప్రాధికార సంస్థకు కూడా చోటు కల్పించింది. ఆ నమోదు జరిగిన ఆటకు కూడా 69ఏ నుంచి మినహాయింపు లేదు. ఈ-స్పోర్ట్‌గా గుర్తింపు పొందిన ఆటను కూడా రేపు అదే గోప్యమైన ఉత్తర్వుతో ఆపవచ్చు, అప్పుడు కూడా నోటీసు అందేది కంపెనీకే.